ఈ పొగ ఎవరిదో అందరికీ తెలుసు

క్షయకు మందు లేని రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో రోగులు మదనపల్లెకు వచ్చేవాళ్ళు. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి కట్టిన క్షయ శానిటోరియం ఉంది. దానికి వందేళ్ళు దాటాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నిలబెట్టాడు. క్షయను తగ్గించే స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గాని కనుక్కోలేదు. అప్పటిదాకా డాక్టర్లు ఇవ్వగలిగింది మంచి తిండి, విశ్రాంతి, శుభ్రమైన గాలి. ఆ గాలి కోసమే ఈ చోటును ఎంచుకున్నారు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడి వాతావరణం, కొండల మీది నుంచి వచ్చే చల్లగాలి. బతుకుమీద ఆశ వదులుకున్న మనుషులకు ఊపిరి పోసిన ఊరు ఇది.

ఆ ఊళ్ళో మేమిప్పుడు తెల్లవారగానే కిటికీలు మూసుకుంటున్నాం.

చలికాలంలో పొద్దున ఆరు గంటలకు మా వీధి చివర నిలబడితే తెలుస్తుంది ఎందుకో. ట్రాన్స్‌ఫార్మర్ కింద రాత్రి పోగుపడిన చెత్తకు అప్పటికే ఎవరో నిప్పు పెట్టి ఉంటారు. మంట పైకి కనిపించదు. చెత్తలో తడి ఎక్కువ, అందుకని లోపల్లోపలే రగులుతుంటుంది. దగ్గరికి పోయి చూస్తే పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, టిఫిను కట్టిన ప్లాస్టిక్ కాగితాలు, సాంబారు కట్టిన కవర్లు, కొబ్బరి డొక్కలు, పిల్లల డైపర్లు, తెగిపోయిన రబ్బరు చెప్పు, కరెంటు పనివాళ్ళు పారేసిపోయిన వైరు ముక్కలు. చెప్పు అంచు కరిగి నల్లగా బొట్లుబొట్లుగా కారుతుంటుంది. చలికాలపు వేకువన నేలను అంటుకున్న చల్లగాలి కదలదు. దానిమీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు నిలబడిపోతుంది. అందుకే ఆ పొగ ఆకాశంలోకి పోదు. మనిషి నడుమెత్తున, కిటికీ ఎత్తున వీధంతా పరుచుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే పిల్లలు స్కూలు బస్సు కోసం అక్కడికి వచ్చి నిలబడతారు. ఒక పాప స్వెటరు చేతిని ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కనున్న తమ్ముడి ముక్కు కూడా మూస్తుంది. ఆ పిల్లకు ఏడెనిమిదేళ్ళుంటాయి. పొగ చెడ్డదని ఆమెకు తెలుసు. ఊరికి పెద్దలమని చెప్పుకునేవాళ్ళకే తెలియడం లేదు.

తెలియకపోవడం ఏముంది, అందరికీ తెలుసు. ప్లాస్టిక్‌ను హాని లేకుండా కాల్చాలంటే 850 డిగ్రీలకు మించిన వేడి కావాలి. దానికి వేరే కొలిమి, వచ్చే పొగను వడగట్టే యంత్రాలు కావాలి. వీధి మూల మంటకు ఆ వేడి ఎప్పటికీ రాదు. సగం కాలిన పీవీసీ వైరు నుంచి డయాక్సిన్లు పుడతాయి. అవి ఒంట్లో కొవ్వులో చేరితే ఏళ్ళ తరబడి పోవు. తల్లిపాలలోకి కూడా దిగుతాయి. ఇక పీఎం 2.5 అని పేపర్లో చదువుతుంటామే, ఆ సన్నటి నుసిని ముక్కూ గొంతూ ఆపలేవు. అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి నెత్తుటిలో కలుస్తుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఆ హద్దయినా మన వీధిలో దాటిందో లేదో చూడటానికి వీధుల్లో మీటర్లు లేవు. పెద్ద నగరాల గాలి గురించి రోజూ టీవీలో అంకెలు వస్తాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ళ గాలికి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి జబ్బూ లేదన్నట్టు నడిచిపోతోంది.

చట్టం లేదా అంటే ఉంది. అల్మిత్రా పటేల్ వేసిన కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరు 22న దేశమంతటా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది. కొంచెం కాల్చినా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అంది. ఆ తీర్పు వచ్చాక ఎన్ని చలికాలాలు పోయాయి! ఆ జరిమానా కట్టినవాడిని మా వీధిలో ఎవరూ చూడలేదు. ఒక్క మనిషికి వేసి ఉంటే ఆ కబురు ఊరంతా పాకేది, రెండో మనిషి అగ్గిపెట్టె తీయడానికి భయపడేవాడు.

నిప్పు పెట్టేది ఎవరని అడిగితే చాలామంది ఊడ్చేవాళ్ళ వైపు వేలు చూపిస్తారు. నాకు ఆ వేలు చూస్తేనే కోపం వస్తుంది. వీధి ఊడ్చే ఒకామెను నేనే అడిగాను, ఎందుకమ్మా కాలుస్తారని. "ఏం చేసేది సార్? బండి వస్తాదో రాదో తెలీదు. కుప్ప అట్నే ఉంటే మేస్త్రీ తిడతాడు. కాలిస్తే మీరు తిడతారు. యాడ పోసేది?" అంది. నాలుగు వీధులు ఒక్కతే ఊడవాలి. చేతికి తొడుగు లేదు, ముక్కుకు కొంగే గుడ్డ. ఆ పొగ మొదట పీల్చేది ఆమే. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతా మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు పనులు ఆపి రోడ్డెక్కారు. వాళ్ళు అడిగింది ఉద్యోగానికి భద్రత, చేసిన పనికి తగిన జీతం. ఆ పదిహేను రోజులూ మన వీధులు ఎలా ఉన్నాయో అందరూ చూశారు. సమ్మె ముగిసింది, ఊరు మళ్ళీ ఆ ఆడవాళ్ళను మరిచిపోయింది. పిడికెడు మందితో ఊరంత చెత్త ఎత్తించాలనుకునేవాళ్ళే ఈ మంటకు కారకులు. అగ్గిపుల్ల ఎవరి చేతిలో ఉందన్నది తర్వాతి మాట.

ఈ సంగతే చెబుదామని ఒక ఆఫీసుకు పోయాను. అక్కడున్నాయన తల ఎత్తకుండానే, "మీ ఇంటి ముందర కాదు కదా కాలేది?" అన్నాడు. నా నోట మాట రాలేదు. పొగ గాలివాటున ప్రతి ఇంటికీ పోతుందని చదువుకున్న మనిషికి, ఆ పని చూడటానికే జీతం తీసుకునే మనిషికి చెప్పాల్సి రావడం కంటే అవమానం ఏముంటుంది? పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇంకొకాయన కొంచెం నయం. "అర్జీ ఇచ్చిపోండి, చూస్తాం" అన్నాడు. ఇచ్చాను. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. తెల్లారేసరికి రాష్ట్రం అదిరిపోయింది. డీజీపీ హెలికాప్టర్లో వచ్చి దిగాడు. దర్యాప్తు సంస్థలు వచ్చాయి, టీవీ బళ్ళు వచ్చాయి. రావాల్సిందే. భూమి కాగితాలంటే పేదవాడి బతుకు, దానిమీద విచారణ జరగాల్సిందే. నేనడిగేది ఒకటే. ఆ రాత్రికి ముందూ తర్వాతా ఇదే ఊళ్ళో పొద్దున పొద్దున కాలుతున్న ఈ కుప్పల దగ్గరికి ఒక్క జీపన్నా ఎందుకు రాదు? అక్కడ కాలింది కాగితం. ఇక్కడ పాడవుతున్నది పిల్లల ఊపిరితిత్తులు. కాగితానికి నకలన్నా తీయవచ్చు.

పొగ తర్వాత చెప్పాల్సింది కాలవల గురించి. అసలు రోగమంతా అక్కడే ఉంది.

సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోవాలి. మన ఇళ్ళలో చాలావాటికి ఆ గుంతే ఉండదు. కొన్న సెంటు స్థలంలో గోడ నుంచి గోడ దాకా ఇల్లు కట్టి, ట్యాంకు గొట్టాన్ని నేరుగా వీధి కాలవలోకి వదులుతారు. అది వాననీటి కోసం తవ్విన కాలవ. దాంట్లో ఇప్పుడు మలం పారుతుంది, స్నానాల నీళ్ళు పారుతాయి, ఆదివారమైతే చికెన్ అంగళ్ళు పారేసిన ఈకలూ పేగులూ పారుతాయి. అంటే, పారవు, నిలుస్తాయి. కాలవ వాలు సరిగ్గా చూసి కట్టినవాడు లేడు. ఒక కాంట్రాక్టరు ఒక వీధి కడతాడు, ఇంకొకడు పక్క వీధి కడతాడు. రెండూ కలిసేచోట ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ఇంటి ముందు బండి ఎక్కించుకోవడానికని ఇంటివాళ్ళు కాలవమీద సిమెంటు పలకలు పోసేశారు. ఇక లోపల పూడిక తీయడానికి మనిషి చెయ్యి కూడా దూరదు.

పూడిక తీసే రోజు చూడాలి. ఎండాకాలం చివర, వానలకు ముందు, ఎప్పుడో ఒకసారి ముగ్గురు మనుషులు వస్తారు. మోకాళ్ళ దాకా బురదలో దిగి గంపలతో నల్లటి మడ్డి ఎత్తి కాలవ గట్టుమీదే పోస్తారు. ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు సాయంత్రం వస్తుందని చెబుతారు. రాదు. మర్నాడు ఎండకు ఆ మడ్డి పైపైన పెచ్చు కడుతుంది, లోపల పురుగులు. కుక్కలు కెలుకుతాయి. మూడోనాటికి ఎండి దుమ్మై, పోయే ప్రతి ఆటో వెనక లేచి ఇళ్ళలోకి వస్తుంది. మిగిలినది మొదటి వానకు జారి మళ్ళీ అదే కాలవలో పడుతుంది. రికార్డులో మాత్రం పూడికతీత పూర్తయినట్టే ఉంటుంది. పూడిక పేరు చెప్పి బిల్లు అయింది, మడ్డి మాత్రం ఉన్నచోటే ఉంది. దీన్ని పనిచేతకానితనం అనడానికి నాకు మనసొప్పదు. ప్రతి ఏడూ ఇట్లాగే జరుగుతుందని తెలిసి మళ్ళీ ఇట్లాగే చేయించడం మనిషిని మనిషిగా లెక్కచేయకపోవడం.

ఈ కాలవలన్నీ పోయి కలిసేది బాహుదాలో. నిమ్మనపల్లె దగ్గర బాహుదా ప్రాజెక్టు కట్టి నీళ్ళు ఆపిన నదే ఇది. మదనపల్లె ఊరి నడుమకు వచ్చేసరికి దాన్ని ఇప్పటి పిల్లలు మురిక్కాలవ అంటారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు కళ్ళు తెరిచాక చూసింది అదే. ఒడ్డులు తిన్నారు, గర్భంలో గోడలు లేపారు, మిగిలిన సందులో ఊరి మురుగు వదిలారు. 2021 నవంబరులో వానలు చిత్తూరు జిల్లాను ముంచెత్తినప్పుడు నది తన దారి తాను వెతుక్కుంది. లోతట్టు ఇళ్ళలోకి వచ్చినవి వాననీళ్ళు మాత్రమేనా? ఏళ్ళ తరబడి కాలవల్లో మనం కుక్కిన ప్లాస్టిక్కూ మలమూ కలిసి వంటిళ్ళ దాకా వచ్చాయి. నీళ్ళు తగ్గాక బియ్యం బస్తాలు రోడ్డుమీద ఆరబెట్టుకున్న ఇల్లాళ్ళను అడగండి కాలుష్యం అంటే ఏమిటో.

నిలిచిన మురుగులో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. పారేసిన టైర్లలో, కొబ్బరి డొక్కల్లో, ప్లాస్టిక్ గ్లాసుల్లో నిలిచిన వాననీళ్ళలో డెంగీ దోమ పెడుతుంది. 2006లో చికున్‌గున్యా రాయలసీమను మంచాన పడేసింది. కీళ్ళు పట్టేసి మగ్గం గుంతలోకి దిగలేకపోయిన నేతగాళ్ళకు ఆ ఏడు ఇప్పటికీ గుర్తే. అంత జరిగాక కూడా మనం నేర్చుకున్నది సాయంత్రం పూట ఫాగింగ్ బండి తిప్పడం. ఆ పొగకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి. నీళ్ళలోని పిల్ల పురుగులకు ఏమీ కాదు. వారం తిరక్కుండా మళ్ళీ దోమలే.

నీరుగట్టువారిపల్లె పట్టుచీరలకు పేరున్న చోటు. అక్కడ ఇల్లే కార్ఖానా. పట్టునూలును సోడా, సబ్బు వేసి ఉడకబెట్టాలి, ఆ తర్వాత రంగు అద్దాలి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? వీధి కాలవలోకే. నేతన్నను అనడానికి నాకు నోరు రాదు. చీరకు గిట్టుబాటు లేక అప్పుల్లో కూరుకుపోయిన మనిషి సొంతంగా శుద్ధి ప్లాంటు కట్టుకోగలడా? అద్దకం అంతా ఒకచోట చేసుకునే షెడ్డు కట్టి, ఆ నీళ్ళు శుద్ధి చేసి వదిలే ఏర్పాటు సర్కారు చేయాలి. చేనేత గొప్పతనం గురించి ప్రతి ఆగస్టు 7న ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఆ కాలవ పక్కన పది నిమిషాలు నిలబడి మాట్లాడితే తెలుస్తుంది.

టమాటా సంగతీ అంతే. మదనపల్లె మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. 2023 జూలైలో కిలో రెండు వందల రూపాయల దగ్గరికి పోయినప్పుడు ఢిల్లీ పేపర్లు కూడా మన మార్కెట్టు గురించే రాశాయి. ధర పడిపోయిన రోజుల్లో రైతు కిరాయి కూడా రాక కడుపుమండి రోడ్డు పక్కన పారబోసి పోతాడు. ఆ కుళ్ళు వాసన, ఆ ఈగలు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు. కుళ్ళిన టమాటా నుంచి గ్యాసు తీయవచ్చు, ఎరువు చేయవచ్చు. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి అని గొప్పగా చెప్పుకునే ఊళ్ళో రైతు కష్టమూ ఇంటివాళ్ళ ముక్కూ రెండూ ఎవరికీ పట్టవు.

పుంగనూరుకు పోదాం. మూడడుగుల ఎత్తు కూడా ఉండని పుంగనూరు ఆవు పేరు ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. మనకు గర్వమే. ఆ పేరు ఇచ్చిన ఊళ్ళో వీధినపడ్డ ఆవులు ఏం తింటున్నాయో కూడా చూడాలి. హోటలు వెనక కుప్పలో ఇడ్లీ ముక్కకోసం ముట్టెపెట్టి, మూతి కట్టిన కవరును కవరుగానే మింగుతున్నాయి. ముడి విప్పడానికి ఆవుకు చేతులు లేవు. పుట్టపర్తిలో కరుణా సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థవాళ్ళు ఇట్లాంటి ఆవులకు ఆపరేషన్లు చేసి, కడుపుల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటికి తీశారు. దాన్ని చూసి తట్టుకోలేక 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ తర్వాత కవర్ల మందం మీద నియమాలు మారుతూ వచ్చాయి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగు దేశంలో ఎక్కడా అమ్మకూడదు. ఇవాళ ఏ అంగడికైనా పోయి కరివేపాకు కొనండి, ఏ కవర్లో వేసిస్తారో చూడండి. ఆవును మొక్కే ఊరు ఆవు కడుపులో ఏముందో అడగదా? పుంగమ్మ చెరువు పేరు చెప్పి మురిసిపోయే ఊరు, తన మురుగు ఏ పల్లానికి పారుతోందో అడగదా? సుగుటూరు గంగమ్మ జాతరకు ఊరంతా కలిసి నిలబడగలిగినవాళ్ళం, ఒక చెత్తకుప్ప ముందు కలిసి నిలబడలేమా?

కుప్పంలో దుమ్ము ఇంకో రకం. అది రాతి దుమ్ము. గ్రానైట్ కొండలు కోసి, దిమ్మెలు పలకలుగా చెక్కి నునుపు పెడుతుంటే నీళ్ళతో కలిసి పాలలాంటి బురద వస్తుంది. ఆ బురదను రోడ్డు పక్కన పోస్తే ఎండి పిండి అవుతుంది. లారీ పోతే లేస్తుంది. గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. కంటికి కనిపించని ఆ రాతిపొడి ఏళ్ళ తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. సిలికోసిస్ అంటారు, దానికి మందు లేదు. సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ తొందరగా పట్టుకుంటుంది. క్షయను తరిమేందుకు శానిటోరియం వెలిసిన సీమలోనే క్షయకు దారి వేసే దుమ్మును ఇళ్ళమధ్యకు వదులుతున్నాం.

కుప్పానికి లేనిదేమిటి? 1989 నుంచి అక్కడి ప్రజలు గెలిపిస్తున్న మనిషి ఇప్పుడు నాలుగోసారి ముఖ్యమంత్రి. ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాల ఉంది, రైలు ఉంది. పంచాయతీగా ఉన్న ఊరు మునిసిపాలిటీ అయి 2021లో మొదటి ఎన్నిక జరిగితే రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఎన్నికకు వచ్చినంతమంది మంత్రులూ నాయకులూ ఒక్కరోజు కాలవలు చూడటానికి వస్తే బాగుండేది. మూడు రాష్ట్రాలు కలిసే ఆ చోటు నుంచి పాలారు తమిళనాడులోకి పోతుంది. కింద వాణియంబాడి వైపు తోళ్ళ ఫ్యాక్టరీలు ఆ నదిని చంపాయని అక్కడి జనం సుప్రీంకోర్టుకు పోతే, 1996లో తీర్పు వచ్చింది. పాడు చేసినవాడే దాని ఖర్చు భరించాలి అన్న సూత్రం ఆ తీర్పుతోనే మన దేశ చట్టంలో గట్టిగా నాటుకుంది. అంటే ఆ న్యాయం మన నది దిగువనే గట్టిపడింది. మన దగ్గర మాత్రం పాడు చేసినవాడు హాయిగా ఉంటాడు, ఖర్చు పిల్లల ఆస్పత్రి బిల్లుల్లో మనం కడుతున్నాం.

ప్రభుత్వాలు ఏం చేశాయో కూడా చెప్పాలి. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ అని ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలిచ్చారు, బండ్లు పంపారు, చెత్త పన్ను వేశారు. 2024 అక్టోబరు 2న కొత్త ప్రభుత్వం ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుపోయిందని ఆ ప్రభుత్వమే చెప్పింది. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అంటున్నారు. ఆ శనివారం చీపుర్లు పట్టుకుని ఫొటో దిగే పెద్దలారా, తర్వాతి ఆదివారం వచ్చి చూశారా? పన్ను ఉండాలా వద్దా అని రెండు పార్టీలూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. ఆ మూడు డబ్బాల్లో వేరుచేసిన చెత్త చివరికి ఒకే బండిలో కలిసిపోయి ఒకే గుట్టమీద పడుతోందని ఇల్లాలు చూసి, "ఇంక నేనెందుకు వేరు చేసేది?" అన్నప్పుడు ఆమెకు జవాబు చెప్పిన పార్టీ ఒక్కటీ లేదు. అన్నిటికీ మించి, 2023లో పార్లమెంటు తెచ్చిన జన్ విశ్వాస్ చట్టం గాలి చట్టంలోనూ పర్యావరణ చట్టంలోనూ చాలా నేరాలకు జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టింది. ఉన్న భయమే పనిచేయని చోట, ఆ భయం కూడా తగ్గించారు.

మనల్ని మనం కూడా వదలకూడదు. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గుపెట్టే చేతులే పాడైన అన్నాన్ని కవరులో ముడేసి ఎదురింటి ఖాళీ స్థలంలోకి విసురుతున్నాయి. ఇల్లు కట్టేవాడు ఇసుకా కంకరా ఆరునెలలు రోడ్డుమీదే పోసుకుంటాడు, వల కట్టడు, నీళ్ళు చల్లడు. కళ్యాణ మండపాల వెనక ముహూర్తాల మర్నాడు ప్లాస్టిక్ ఆకులూ గ్లాసులూ గుట్టలు. రాత్రి పది దాటాక మైకు పెట్టకూడదని 2000 సంవత్సరం నాటి నియమాలున్నాయి. ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. డీజే పెట్టె ముందు పసిబిడ్డ గుండె అదిరి ఏడుస్తుంటే, "ఒక్కరోజే కదా" అంటారు. ఆ ఒక్కరోజులు కలిస్తే ఏడాది. అడిగినవాణ్ణి ఊరికి పనికిరానివాణ్ణి చేసే అలవాటు మానుకోకపోతే, రేపు మన ఇంట్లో పిల్లాడు ఇన్‌హేలరు పట్టుకుని కూర్చున్నప్పుడు అడగడానికి ఎవరూ మిగలరు.

డబ్బు లేదని మునిసిపాలిటీలు చెప్పే మాట గురించి చివరగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాటకు నలభై ఏళ్ళ కిందటే జవాబొచ్చింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరు. మన మదనపల్లె లాంటిదే. ఒక వార్డులో ఇళ్ళవాళ్ళు తెరిచిన కాలవల కంపు, మలం, సారా ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి పోయారు. కాలవలు కట్టమని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇచ్చాడు. మా దగ్గర డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980 జూలైలో జస్టిస్ కృష్ణయ్యరు, మన హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ చిన్నపరెడ్డి ఆ కేసు విన్నారు. ఖజానా ఖాళీ అన్నది జనాన్ని మురికిలో ఉంచడానికి సాకు కాదని, కాలవలు కట్టి తీరాలని గడువు పెట్టి మరీ చెప్పారు. ఆ వార్డువాళ్ళు నాయకులేమీ కాదు. మనలాంటి ఇళ్ళవాళ్ళే.

వాళ్ళు వాడిన చట్టం అప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. నలుగురికీ హాని చేసే అడ్డంకినైనా, చెత్తనైనా, మురుగునైనా తీసివేయమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, అంటే మన సబ్ కలెక్టరో ఆర్డీవోనో, ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఆజ్ఞ పాటించకపోతే శిక్ష ఉంది. పోలీసు రిపోర్టే ఉండాలని లేదు, మనం ఇచ్చే సమాచారం చాలు.

మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఇది చదువుతున్నవాళ్ళకు నా మనవి. మీ వీధిలో కాలుతున్న కుప్పనో, నిలిచిన కాలవనో ఫొటో తీయండి. తేదీ, వేళ, చోటు రాయండి. పార్టీ చూడకండి, కులం చూడకండి, పది ఇళ్ళవాళ్ళ చేత సంతకాలు పెట్టించండి. ఆడవాళ్ళ సంతకాలు ముందుండాలి, ఆ పొగలో ఎక్కువసేపు ఉండేది వాళ్ళే. వీధి ఊడ్చే ఆమెను కూడా అడగండి. ఆమెకు తొడుగులు, బండి, జీతం ఇవ్వాలని అర్జీలోనే రాయండి. మూడో శనివారం దాకా ఆగకండి. సోమవారం అర్జీలు తీసుకునే రోజున అందరూ కలిసి పోయి ఇవ్వండి. నకలుమీద తేదీ వేసి సీలు కొట్టేదాకా అక్కడి నుంచి కదలకండి.